మామ్మగారి యాభై రూపాయలు



క్రిందటి క్రిస్మస్ దినములకు ముందు, సీలేరు ఒడ్డున డొంకరాయిలో ఒక చిన్న సంఘము వారి యొద్ద ఒక రాత్రి బస చేశాను. ఆరాధన ముగిశాక యౌవనస్థులు ఒక నోటుపుస్తకం తెచ్చారు. తాము పాడే పాటలను పుస్తకంగా అచ్చు వేయించాలని వారి ఆశ. ప్రెస్సువారు కాగితానికి ముందే డబ్బు అడుగుతారు గదా! అందుకని ముందుగా చందాలు.

ముందు వరుసలోని ఒక మామ్మగారు మాత్రం ఒప్పుకోలేదు. "అయ్యగారూ, అయిదేళ్ల కిందట ఒకాయన ఇలాగే పాటల పుస్తకమని యాభై రూపాయలు పట్టుకెళ్లాడు. పుస్తకమూ రాలేదు, ఆయనా రాలేదు. చింతపండు అమ్ముకున్న డబ్బది" అన్నారు. ఎవరికీ నోట మాట రాలేదు.

అప్పుడు నాకు తెలిసిన ఒక పాత సంగతి వారికి చెప్పాను.

అమెరికా ఇంకా ఇంగ్లాండు రాజు ఏలుబడిలో ఉన్న కాలమది. అక్కడి సంఘాలలో నాలుగు స్వరాలు కలిపి పాడడం నేర్చుకుంటున్నారు. మన 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు'లో పాట పైన రాగం, తాళం పేర్లుంటే చాలును. పర్లాకిమిడి ప్రాంతపు పురుషోత్తమ చౌదరి గారి (1803–1890) కీర్తనలను మనం పెద్దల నోట విని నేర్చుకున్నవాళ్లమే. నాలుగు స్వరాల పాటకు అలా కుదరదు. ఎవరి స్వరం వారికి గుర్తులతో వేసి చూపించాలి. ఆ గుర్తులను రాగి రేకుల మీద చేత్తో చెక్కి, సిరా పూసి అచ్చొత్తేవారు. ఎంత ఖర్చో ఆలోచించండి! పుస్తకాలు మిగిలిపోతే వేసినవాడు అప్పులపాలే.

అందుచేత 1761లో ఫిలడెల్ఫియాలో జేమ్స్ లయన్ అనే యువకుడు 'యురేనియా' అనే సంగీత గ్రంథాన్ని చందాల మీద వెలువరించాడు. దాదాపు 200 పుటలు. చందాదారులు 140 మందికి పైగా ఉన్నారు. వారి పేర్లన్నీ ఆ పుస్తకంలోనే అచ్చు వేశాడు. ఎవరు నమ్మి డబ్బు కట్టారో లోకమంతా చూడవచ్చు. నా మట్టుకు నాకు ఆ గ్రంథంలో పాటలకన్నా ఆ పేర్ల పట్టికే ముచ్చటగా తోస్తుంది. లయన్ తరువాత ప్రెస్బిటేరియన్ సంఘకాపరి అయ్యాడు.

బోస్టనులో విలియం బిల్లింగ్స్ అని మరొకడున్నాడు. తోళ్లు ఊనే పని అతనిది. (ఒంగోలు ప్రాంతపు యెర్రగుంట్ల పేరయ్యగారు కూడా తోళ్ల వ్యాపారియే గదా!) 1770లో వేసిన తన మొదటి పుస్తకంలో 120కి పైగా రాగాలు, అన్నీ తాను కట్టినవే. స్వదేశపు కాగితం మీదనే అచ్చు కావాలని ఏడాదిన్నర ఆగాడు. తన పాటల మీద తనకు హక్కు కావాలని చట్టసభను వేడుకున్నాడు. సభ ఒప్పుకున్నా గవర్నరు సంతకం పెట్టలేదు. ఇతరులు అతని రాగాలను తమ పుస్తకాలలో వేసుకొని అమ్ముకున్నారు. ఊరూరా అతని పాటలే, అతనింట మాత్రం లేమి. ఆంగ్లేయుల పాలన పోయిన తరువాత, 1794లో, బోస్టను గాయకులు పూనుకొని చందాలు పోగుచేసి, అతని సహాయార్థమే అతని చివరి పుస్తకాన్ని వెలికి తెచ్చారు. 1800లో బీదవాడిగానే కన్నుమూశాడు.

ఇదంతా విని మామ్మగారు అడిగిన ప్రశ్న ఒక్కటే. "అయితే నా పేరూ అచ్చులో ఉంటాదా?"

"ఉంటుంది మామ్మా" అన్నాడు నోటుపుస్తకం పట్టుకున్న కుర్రవాడు.

"డబ్బు ఎవరి దగ్గర ఉంటాది?"

అతడు తల గోక్కున్నాడు. ఆ మాట ఎవరూ అనుకోలేదు మరి! చాలాసేపు మాట్లాడుకున్నాక, డబ్బు ముగ్గురి పేర బ్యాంకులో వేయాలని, ప్రతి ఆదివారం లెక్క సంఘంలో చదవాలని అనుకున్నారు. పాట కట్టిన వారి పేరు పాట కింద వేయాలని కూడా ఒక చెల్లి లేచి చెప్పింది. అది నాకు తట్టలేదు. ఆ సంఘంలోనే ఇద్దరు ముగ్గురు పాటలు కట్టేవారున్నారట.

పూర్వం చందాదారులు కొంత ముందు, మిగతాది పుస్తకం అందాక ఇచ్చే పద్ధతి కూడా ఉండేదని చెప్పాను. మామ్మగారికి అది నచ్చింది. "నాకు చదువు రాదు, మనవరాలికి ఒకటి రాసుకో. సగం ఇప్పుడు, సగం పుస్తకం కళ్లారా చూశాక" అని కొంగు ముడి విప్పారు.

మర్నాడు నేను బస్సెక్కే వేళకు నోటుపుస్తకంలో పదకొండు పేర్లున్నాయి.