గంప నెత్తుకొని వచ్చినవారికి గేటు మూయనేల?

సంపాదకులవారికి,



నగరములలోని బహుళాంతస్తుల భవనముల ముంగిట "అమ్మకందార్లకు ప్రవేశము లేదు" అను పలకలు మన కన్నులకు మిక్కిలి అలవాటైనవి. మా నివాసుల సంఘమువారును ఇటీవల నట్టి తీర్మానమునే చేసిరి. దానిని మరల విచారింపుడని వారికి చేసిన విన్నపమునే మీ పత్రికాముఖమున ఇతరులకును నివేదించుచున్నాను.

తెల్లవాఱకమునుపే గోంగూర, తోటకూర కట్టలు కొని, ఎండ ముదురులోపల అమ్ముకొనవలసిన స్త్రీకి ఆకు వాడినచో వెల నిలువదు. మఱునాటి పెట్టుబడి ఆనాటి బేరమునుండియే రావలెను. ఆ పెట్టుబడియు ఉదయము అప్పు తెచ్చి సాయంకాలము వడ్డీతో తీర్చునదే యైనచో, మూసిన గేటు ఆమెను ఋణమున ముంచును. మంగళగిరి చీరల మూట భుజమున వేసికొని వచ్చువారు, గాజుల మలారముతో వచ్చువారు, కత్తులకు సాన పట్టువారు, అందఱి గతియు నిట్టిదే. కొనువారి నష్టమును తక్కువ కాదు. గంప దించించి, కొసరు వేయించుకొని, మరల గంపను నెత్తి కెత్తించుటలో మెట్లు దిగలేని వృద్ధురాలికి ఆకుకూరతోపాటు ఒక పలకరింపును లభించుచుండెను.

భద్రతయే కారణమని సంఘమువారందురు. నగలకు మెఱుగు పెట్టెదమని వచ్చి బంగారమును అపహరించిన మోసగాండ్రు కలరు గనుక ఆ భయమును నేను త్రోసివేయను. కాని దానికి తగిన సాధనము చట్టముననే యున్నది. 2014లో పార్లమెంటు చేసిన వీథి విక్రేతల చట్టము తావు మార్చుచు తిరిగి అమ్మువారినిగూడ తనలో చేర్చుకొని, వారికి ధ్రువపత్రమును, గుర్తింపు కార్డును ఏర్పఱచినది. అంతకు మున్నే, 1989లో, సోదన్ సింగ్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు సహేతుకములైన ఆంక్షలకు లోబడి వీథి వ్యాపారము రాజ్యాంగమిచ్చిన హక్కేయని చెప్పెను. ఆ హక్కు మన ప్రాంగణపు గేటును తెఱపింపజాలదని యెఱుగుదును, తెఱవవలసినది మనమే. ఫోనులో తెప్పించుకొన్న సరుకులతో వచ్చు యువకుని పేరడిగి పంపు వాచ్‌మన్, కార్డు చూపిన గంపామెను పేరు వ్రాసికొని పంపుటకు అడ్డమేమి? ఎన్నికల వేళ ఓట్లడుగ వచ్చు అపరిచితుల గుంపులకు ఇదే గేటు తెఱచుచున్నాము గదా!

తలుపు తీయుట ఆ యింటివారి యిష్టము. వలదన్న గడప మరల త్రొక్కరాదను నియమము నుంచుడు, కేకలు వేయరాదనుడు, నిద్రవేళల రావలదనుడు. వీనిని కాదను విక్రేత యుండడు. ఉదయము 7 మొదలు 10 గంటల వఱకు, ఒక నెలపాటు, కార్డు గలవారిని రానిచ్చి చూచి, పిమ్మట నివాసులను, అందును ముఖ్యముగా ఇల్లు కదలలేని వారిని అడిగి సంఘములు తీర్మానించుకొనవలెనని నా ప్రార్థన.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
విజయవాడ