లిబ్రేఆఫీస్‌లో తెలుగు
ఉత్తరాలు, లెక్కలు, స్లైడ్లు తయారుచేసుకోవడానికి పనికొచ్చే ఉచిత సాఫ్ట్‌వేర్ లిబ్రేఆఫీస్. దాని సోర్స్ కోడ్‌ను ఎవరైనా చూడవచ్చు, మార్చుకోవచ్చు. జర్మనీలో పుట్టిన స్టార్‌ఆఫీస్‌ను 1999లో కొన్న సన్ మైక్రోసిస్టమ్స్, 2000లో దాని కోడ్‌ను బయటపెట్టడంతో ఓపెన్‌ఆఫీస్ మొదలైంది. 2010లో సన్ కంపెనీ ఒరాకిల్ చేతికి వెళ్లాక ఓపెన్‌ఆఫీస్ వలంటీర్లు విడిపోయి డాక్యుమెంట్ ఫౌండేషన్ పెట్టుకుని, ఆ కోడ్‌తోనే లిబ్రేఆఫీస్‌ను మొదలుపెట్టారు. యజమాని మారినా పని ఆగలేదంటే, కోడ్ అందరిదీ కావడమే కారణం. తెలుగుకు ఇలాంటి సాఫ్ట్‌వేర్ అవసరం ఇంకా ఎక్కువ. డీటీపీ కేంద్రాల్లో ఏళ్ల తరబడి, అన్ని కంప్యూటర్లకూ ఉమ్మడి అక్షర ప్రమాణమైన యూనికోడ్‌ను పాటించని అను వంటి ఫాంట్లే నడిచాయి. ఉదాహరణకు అహోబిలం నవనారసింహ క్షేత్రాల చరిత్రను వాటిలో టైపు చేస్తే, ఆ ఫాంటు లేని కంప్యూటర్లో అర్థంలేని గుర్తులే కనిపిస్తాయి. ఆ తొమ్మిది నరసింహుల్లో ఒకరైన జ్వాలా నరసింహుడి పేరు వెతికినా దొరకదు. అదే యూనికోడ్‌లో టైపు చేసి, 2006లో ఐఎస్ఓ అంతర్జాతీయ ప్రమాణమైన ఓడీఎఫ్ (ఓపెన్ డాక్యుమెంట్ ఫార్మాట్) రూపంలో దాచుకుంటే ఏళ్ల తర్వాత కూడా, ఏ కంపెనీ దయా అక్కర్లేకుండా చదువుకోవచ్చు. వర్డ్‌లో చేసిన చిక్కు పట్టికలు లిబ్రేఆఫీస్‌లో తెరిస్తే కొంత చెదురుతాయన్నది నిజమే. అయినా రూపాయి ఖర్చు లేని ఈ సాధనాన్ని రాయలసీమలోని బడులూ పంచాయతీలూ ముందుగా వాడి చూడాలి. ప్రోగ్రామింగ్ రానివారికీ లిబ్రేఆఫీస్ తయారీలో చోటుంది: తప్పులు పట్టి తెలపడం, వాడకం వివరాలు రాయడం, మెనూలను తెలుగులోకి తేవడం. అనువాదం కాని మాట తెరమీద ఇంగ్లిషులోనే మిగులుతుంది. ఆళ్లగడ్డలో చదివే డిగ్రీ విద్యార్థి అయినా వెబ్‌లేట్‌లో (లిబ్రేఆఫీస్ అనువాదాలు జరిగే సైటు) ఖాతా తెరిచి ఆ మాటను తెలుగు చేయవచ్చు.