పిలవని పేరంటం

మిత్రుడొకరు చిన్న ప్రచురణ సంస్థ నడుపుతున్నారు. ఏడాదికి నాలుగైదు పుస్తకాలు, అవీ ఎక్కువగా కథలూ కవిత్వమూ. ఒకసారి పుస్తక ప్రదర్శన ముగిశాక నోటుపుస్తకమొకటి నా చేతికిచ్చి, "మన దగ్గర కొన్నవాళ్ళ ఈమెయిలు చిరునామాలండీ. కొత్త పుస్తకం సంగతి వీళ్ళందరికీ పంపిద్దాం, మీరే చేసిపెట్టాలి" అన్నారు. ఆరువందల పైచిలుకు ఉన్నాయి. అవి రసీదు పంపడానికి తీసుకున్నవని మా ఇద్దరికీ తెలుసు. పంపేది సాహిత్యమే కదా, సబ్బులు కాదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకొని, ఆ రాత్రే అన్నీ పంపేశాను.

మర్నాడు మూడు ప్రతులకు గిరాకీ వచ్చింది. దానితోపాటే ఒక విశ్రాంత ఉపాధ్యాయుడి జవాబూ వచ్చింది. చిరునామా రసీదు కోసం ఇచ్చాననీ, మా పుస్తకాలంటే ఇష్టమేననీ, అయినా అడగకుండా రావడం బాగాలేదనీ దాని సారాంశం. సిగ్గుపడ్డాను. అంతకన్నా పెద్ద దెబ్బ తరువాతి నెలలో తగిలింది. కొత్త పుస్తకాల కబురు పంపమని తామే కోరిన పాత పాఠకులకు సైతం మా వేగులు స్పాము పెట్టెలో పడసాగాయి.

కారణం తెలుసుకోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. చదువరి "ఇది స్పాము" అని మీట నొక్కిన ప్రతిసారీ ఆ ఫిర్యాదు పంపినవారి పేరిట నమోదవుతుంది. ఫిర్యాదులు వెయ్యికి మూడు లోపే ఉండాలని 2024 నుంచి గూగుల్ నియమం. ఆ లెక్కన మా ఆరువందలకు రెండు ఫిర్యాదులు చాలు. ఇక ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే ఏర్పాట్లున్నాయి. ఇవి తప్పనిసరే. కానీ ఉత్తరం ఫలానా చోటి నుంచే వచ్చిందని మాత్రమే ఇవి రుజువు చేస్తాయి. గుమ్మంలో గుర్తింపు కార్డు చూపించినంత మాత్రాన పేరంటానికి పిలుపు వచ్చినట్లు కాదు.

ఈ జాడ్యం పాతదే. 1978 మే 3న డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ ఉద్యోగి గారీ థుయర్క్, తమ కొత్త కంప్యూటర్ల ప్రదర్శనకు రమ్మంటూ అర్పానెట్‌లో సుమారు 400 మందికి ఒకేసారి ఉత్తరం పంపాడు. ఆహ్వానం పంపినవాడే పిలవని అతిథి కావడం అక్కడి విడ్డూరం.

చట్టాలూ వచ్చాయి. అమెరికా 2003లో చేసిన చట్టం ముందుగా అనుమతి అడగమనదు. వద్దన్నవారికి పది పనిదినాల లోపు ఆపమంటుంది, అంతే. మన దేశపు 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం ఒక మెట్టు పైన నిలుస్తుంది. సమ్మతి ఇవ్వడం ఎంత సులువో దాన్ని వెనక్కి తీసుకోవడమూ అంతే సులువుగా ఉండాలంటుంది.

"పత్రికల్లో ప్రకటన ఇచ్చే స్తోమత మనకు లేదు. చెప్పకపోతే జనానికి ఎలా తెలుస్తుంది?" అని మిత్రుడు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. అయితే చిన్న వ్యాపారికున్న ఏకైక ఆస్తి మంచిపేరు. దాన్ని మూడు ప్రతుల కోసం తాకట్టు పెట్టాము. స్పామర్ అనిపించుకోకుండా ఎలా పంపాలి అని అడగడంలోనే పొరపాటుంది. అనిపించుకోకపోవడం కాదు, కాకపోవడం ముఖ్యం.

చివరికి ఆ జాబితా మొత్తం చెరిపేశాం. మరుసటి ప్రదర్శనలో రసీదు పుస్తకం పక్కన ఇంకొకటి పెట్టాం. "కొత్త పుస్తకాల కబురు కావలసినవారు ఇందులో రాయండి, నెలకు ఒక్కటే ఉత్తరం" అని దానిమీద రాశాం. నూటపది మంది రాశారు. ప్రతి ఉత్తరంలోనూ మొదటి వరుసలోనే "ఇక వద్దు" అనే లంకె ఉంచాం. దాన్ని అడుగున సన్నని అక్షరాల్లో దాచడం, వచ్చిన అతిథిని వెళ్ళనివ్వకుండా చెప్పులు దాచడమే.

ఆరువందలు నూటపది అయ్యాయని మిత్రుడు ఇప్పటికీ బెంగపడుతుంటారు. నాకు మాత్రం ఆ బెంగ లేదు. ఆ నూటపది మందీ మమ్మల్ని బొట్టు పెట్టి పిలిచినవారు.