కొండ ఎక్కే మంట

ఇంట్లో పెద్దవాళ్ళు దీపం వెలిగించేటప్పుడు అగ్గిపుల్లను గమనించారా? మండే కొన పైకి ఉంటే పుల్ల నెమ్మదిగా కాలుతుంది. కొన కిందికి వంగిందో, మంట గబగబా వేళ్ళదాకా పాకుతుంది. పైకి పోయే వేడి, ఇంకా కాలని పుల్లను ముందే కాచి ఉంచుతుంది గనక ఇలా జరుగుతుంది. అడవిలో కార్చిచ్చు కూడా ఇంతే. నేల మీద మెల్లగా పాకే మంట కొండవాలు దొరికితే పరుగు తీస్తుంది.

అమెరికాలో వేసవి సెలవుల్లో కార్చిచ్చులు ఆర్పటానికి విశ్వవిద్యాలయ విద్యార్థులు వెళ్ళటం చాలాకాలంగా ఉన్నది. ముందు వారికి శిక్షణ ఇస్తారు. కొండల్లోకి నీళ్ళు మోసుకుపోవటం కష్టం. అందుకని ఒకవైపు గొడ్డలి, రెండోవైపు పార ఉండే పనిముట్టుతో మంటకు అడ్డంగా గడ్డీ, ఆకులూ, వేళ్ళూ చెక్కేసి వట్టి మట్టి బాట చేస్తారు. మంటకు అక్కడ మేత ఉండదు.

1949 ఆగస్టు 5న మోంటానా రాష్ట్రంలో మాన్ గల్చ్ అనే లోయలో అడవి మండుతున్నది. 15 మంది విమానం నుంచి గొడుగులతో దిగారు. పలువురు కాలేజీ కుర్రవాళ్ళే. అడవి కాపలా పనిలో ఉన్న మరొక విద్యార్థి వారిని కలుసుకున్నాడు. అందరూ నదివైపు దిగుతుండగా మంట కిందనుంచి దారి కట్టేసింది. వెనుదిరిగి వాలు ఎక్కసాగారు. చుట్టూ ఎండుగడ్డి. అగ్గిపుల్ల సంగతి గుర్తున్నది కదూ?

నాయకుడు వాగ్ డాడ్జ్ ఉన్నట్టుండి ఆగి, తన ముందున్న గడ్డికి నిప్పు పెట్టాడు! ఆ చిన్నమంట పైకి పాకగా మిగిలిన బూడిదలోకి రమ్మని అందరినీ పిలిచాడు. వెనక మంట తరుముకొస్తుంటే ముందు మంట పెట్టేవాడిని ఎవరు నమ్ముతారు? ఒక్కరూ రాలేదు. తడిగుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని ఆయన ఒక్కడే బూడిదలో బోర్లాపడుకున్నాడు. కాలటానికి ఏమీ లేక పెద్దమంట ఆయనను తప్పించుకుని అటూ ఇటూ పోయింది. శిఖరం దగ్గర రాళ్ళ సందులోంచి మరో ఇద్దరు బయటపడ్డారు. ఒకరికి 17 ఏళ్ళే. తక్కిన 13 మంది చనిపోయారు.

గడ్డిమైదానాల ఆదివాసులకు ఈ ఉపాయం పాతదే. ఆ కుర్రవాళ్ళకు మాత్రం ఎవరూ చెప్పలేదు. మంట వెంటపడినప్పుడు వివరించటానికి వ్యవధి ఎక్కడిది?

1957లో అమెరికా అటవీశాఖ మంటలార్పేవారికి పది ఆజ్ఞలు రాసింది. తప్పించుకునే దారి అందరికీ తెలిసి ఉండాలన్నది వాటిలో ఒకటి. కాలిపోయిన నేలను అక్కడివారు ‘నలుపు’ అంటారు. ఈనాడు శిక్షణకు వచ్చే విద్యార్థులు, పార ఎత్తకముందే నలుపు ఎటువైపు ఉన్నదో, అక్కడికి ఎంతసేపట్లో చేరగలరో చూసుకోవటం నేర్చుకుంటారు.