కంకర కాకముందే గుట్ట వయసు రాసిపెట్టాలి

నిజామాబాద్ చుట్టుపక్కల క్వారీల్లో లారీకెత్తే రాయికి ప్రభుత్వానికి కట్టే సీనరేజి రుసుము లెక్క ఉంటుంది. ఆ రాయి వయసెంతో ఎవరూ అడగరు. రోడ్లకూ ఇళ్లకూ కంకర కావాల్సిందే, క్వారీలు మూసేయమని ఎవరూ అనడం లేదు. అనుమతి ఇచ్చేటప్పుడు ఒక్క షరతు చేర్చితే చాలు: గుట్ట నుంచి చెక్కుచెదరని నాలుగైదు కిలోల రాయిని, తీసిన చోటి అక్షాంశ రేఖాంశాలతో సహా, డిచ్‌పల్లిలోని తెలంగాణ విశ్వవిద్యాలయానికి అప్పగించాలి.

ఈ ప్రాంతంలో రెండు వేర్వేరు యుగాల రాళ్లున్నాయి. నిజామాబాద్, డిచ్‌పల్లి వైపు గుట్టలు గ్రానైటు. ఇవి తూర్పు ధార్వాడ్ శిలా ప్రాంతంలోవి. అక్కడి గ్రానైట్లలో చాలావాటి వయసు 250 కోట్ల ఏళ్లు, ఆపైన. పడమరన మద్నూరు, జుక్కల్ దిక్కుకు పోతే లావా గడ్డకట్టిన నల్లరాయి, అంటే దక్కన్ ట్రాప్స్ అంచు, వస్తుంది. దాని వయసు సుమారు 6.6 కోట్ల ఏళ్లు. ఆ రాయి చివికితే నల్లరేగడి అవుతుంది. రేగడికి నిజాంసాగర్ నీళ్లు తోడైతేనే బోధన్ చెరకు పండింది. ఈ వయసులు ఊహించి చెప్పినవి కావు. గ్రానైటులోని జిర్కాన్ అనే ఖనిజం పుట్టేటప్పుడు యురేనియాన్ని ఇముడ్చుకుంటుంది, సీసాన్ని దాదాపు రానివ్వదు. యురేనియం-238లో సగం సీసంగా మారడానికి 447 కోట్ల ఏళ్లు పడుతుంది కాబట్టి, ఇప్పుడు రెండూ ఏ పాళ్లలో ఉన్నాయో కొలిస్తే వయసు తేలుతుంది. పని మాత్రం ఓపికతో కూడినది. రాయిని పొడిచేసి, జల్లించి, నీళ్లలో గాలించి, అయస్కాంతానికి అంటుకునేవి తీసేసి, మిల్లీమీటరులో పదో వంతు ఉండే రేణువుల్ని సూక్ష్మదర్శిని కింద ఒక్కొక్కటిగా ఏరాలి.

అంతా ఒకటే గ్రానైటు కదా, ప్రతి గుట్ట నుంచీ ముక్క ఎందుకని అడగొచ్చు. చూపుకు ఒకేలా ఉన్న పక్కపక్క గ్రానైట్ల మధ్య కోట్ల ఏళ్ల తేడా ఉండొచ్చు. కొత్త రాయిలో అంతకంటే పాత జిర్కాన్లు దాగి ఉండటమూ మామూలే. దక్కన్ ట్రాప్స్ సంగతే చూడండి. పొటాషియం-ఆర్గాన్ పద్ధతిలో కట్టిన తొలి వయసులు కోట్ల ఏళ్ల తేడాతో చెల్లాచెదురుగా వచ్చాయి, ఎందుకంటే చివికిన రాయిలోంచి ఆర్గాన్ జారిపోతుంది. మంచి పద్ధతులు, తాజా నమూనాలు వచ్చాకే లావాలో అధిక భాగం పది లక్షల ఏళ్ల లోపే పొంగిందని తేలింది. తాజా రాయి దొరికేది క్వారీ తవ్విన లోపలి ముఖంలోనే. ఆ రకంగా క్వారీ శాస్త్రవేత్తకు శత్రువు కాదు, మేలే చేస్తుంది. అయితే ఎక్కడ తీశారో తెలియని రాయి తూకం చీటీ లేని చెరకు బండితో సమానం.

అసలైన అభ్యంతరం వేరే ఉంది. 2015 డిసెంబరులో బోధన్‌లోని శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక చెరకు వదులుకున్న రైతుకు రాయి వయసుతో ఏం పని? న్యాయమైన ప్రశ్నే. రాయి వయసు ఫ్యాక్టరీని తెరిపించదు. కానీ ఈ విద్య ఎటు దారితీస్తుందో ముందే చెప్పడం కష్టం. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్ర ఆచార్యుడు సి.మహాదేవన్ దగ్గర తయారైన ఉప్పుగుండూరి అశ్వత్థనారాయణ భారతదేశపు అతి పురాతన (ఆర్కియన్) శిలల వయసులపై 1956లోనే అమెరికన్ జర్నల్ ఆఫ్ సైన్స్‌లో రాశారు, 1964లో తూర్పు కనుమలు, కడప శిలల వయసులు ప్రకటించారు. ఆయనే తర్వాత టాంజానియా, మొజాంబిక్‌లలో పనిచేసి, నేల మీద, నీటి యాజమాన్యం మీద పుస్తకాలు రాశారు. అదే 1956లో భూమి వయసు 455 కోట్ల ఏళ్లని తేల్చిన క్లెయిర్ ప్యాటర్సన్‌కు ప్రయోగశాలలో ఎక్కడ చూసినా సీసం అడ్డు తగిలింది. అదెక్కడిదని ఆరా తీస్తే దారి సీసం కలిపిన పెట్రోలు దగ్గరికి వెళ్లింది. మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000లో ఆగిపోయింది.

ఖర్చు మాటకొస్తే, కావాల్సింది ఒక గది, కొన్ని అరలు, ఒక రిజిస్టరు. వయసు ఇప్పుడే కట్టక్కర్లేదు. 1961 నుంచీ జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) హైదరాబాద్‌లోనే ఉంది, ఇరవై ఏళ్ల తర్వాతైనా ఆ పని జరగొచ్చు. క్రషర్‌లో పడ్డ గుట్టకు మాత్రం రెండో అవకాశం లేదు. గ్రానైటు, కంకర చిన్నతరహా ఖనిజాలు. వాటికి నిబంధనలు రాసే అధికారం 1957 గనుల చట్టం 15వ సెక్షన్ కింద రాష్ట్ర ప్రభుత్వానిదే. దీనికోసం ఢిల్లీ వైపు చూడాల్సిన పని లేదు.