పది యంకెల గుర్తు

ఇచ్చట దంతవైద్యము చదివి, వివాహానంతరము అమెరికా దేశమునకు వెళ్లిన తన కుమార్తెకు "ఎన్. పి. ఐ." యను సంఖ్య వచ్చినదనియు, ఇక నామె స్వతంత్రముగ వైద్యము చేయవచ్చునా యనియు నొక తల్లి యడిగినది. చేయరాదు. ఏల చేయరాదో తెలియవలెనన్న నా సంఖ్య యేల పుట్టినదో మొదట తెలియవలెను.

ఆ దేశమున వైద్యమునకగు సొమ్ము తరచుగ బీమా సంఘముల నుండియో ప్రభుత్వము నుండియో వైద్యునకు ముట్టును. పూర్వము ప్రతి సంఘమును తనకు తోచిన గుర్తును వైద్యున కిచ్చెడిది. పది సంఘములతో లెక్కలున్న దంతవైద్యుడు పది గుర్తులను జ్ఞాపక ముంచుకొనవలసి వచ్చెడిది. పుట్టింట నొక పేరు, అత్తింట నొక పేరు గల కోడలి యవస్థ యెట్టిదో మన మెరుగనిదా! ఈ చిక్కును తీర్చుటకు 1996 సంవత్సరమున హిపా యను చట్టము దారి చూపెను. 2004 జనవరిలో నియమము వెలువడెను. కంప్యూటరు ద్వారా లెక్కలు పంపు వైద్యులెల్లరు 2007 మే 23 నాటికి ఒకే సంఖ్యను వాడవలెనని గడువు పెట్టిరి. దంతవైద్యులకే గాక ఇతర వైద్యులకును, ఔషధశాలలకును, ఆసుపత్రులకును ఇదియే విధి. సంఖ్యను పొందుటకు రుసుము లేదు.

ఆ సంఖ్యకు పది యంకెలు. అందు రాష్ట్రము తెలియదు, విద్య తెలియదు, వయస్సు తెలియదు. ఈ మూగతనమే దాని సుగుణమని నా యభిప్రాయము. పెండ్లియై యింటిపేరు మారినను, భర్త యుద్యోగము వెంట టెక్సాసు విడిచి న్యూజెర్సీకి పోయినను సంఖ్య మారదు. మారిన వివరములను ముప్పది దినములలో తెలుపవలెను; పూర్వపు పేరును వ్రాయుటకును పత్రమున చోటు గలదు. కన్నెగా నుండగా చేసిన పనియు, గృహిణియైన పిదప చేసిన పనియు నొకే ఖాతాలో నిలుచుట స్త్రీలకు చిన్న మేలు గాదు.

పదియవ యంకె యూరక వేసినది గాదు. అది ముందున్న తొమ్మిదింటికి కాపలాదారు. 123456789 అను తొమ్మిదంకెలను తీసికొనుడు. కుడినుండి మొదలిడి యొకటి విడిచి యొకటి, అనగా 9, 7, 5, 3, 1 రెట్టింపు చేయుడు. 18, 14, 10, 6, 2 వచ్చును. రెండంకెలు వచ్చినచోట వానిని విడదీసి కూడగా 9, 5, 1, 6, 2, వెరసి 23. మిగిలిన 8, 6, 4, 2 కూడిన 20. అందరి సంఖ్యలకును సమానముగ చేర్చెడి 24ను కలుపగా 67. దానిని 70 చేయుటకు కావలసినది 3. కావున పూర్తి సంఖ్య 1234567893. వ్రాతలో నే యొక్క యంకె తప్పినను లెక్క కుదరదు. ఒక గురువు లఘువైనంతనే పద్యమున గణభంగమగుట యెరిగినవారి కిది కొత్తగా తోచదు. మధ్యాహ్నము తీరిక వేళ పిల్లలచే చేయించి చూడుడు.

వ్యక్తి కొక విధమైన సంఖ్యయు, సంస్థకు వేరొక విధమైన సంఖ్యయు గలవు. పన్ను చూచిన వైద్యురాలి సంఖ్యయు, సొమ్ము పుచ్చుకొను వైద్యశాల సంఖ్యయు దంతవైద్యపు బీమా పత్రములో వేరువేరు గళ్లలో వ్రాయుదురు.

ఇక నా తల్లి ప్రశ్నకు వత్తును. ఈ సంఖ్య గుర్తు మాత్రమే గాని యనుమతి గాదు. వైద్యవిద్యార్థులును దీనిని పొందవచ్చును. వైద్యము చేయుట కనుమతి నిచ్చునది ఆయా రాష్ట్రపు దంతవైద్య మండలి. మన దేశపు పట్టము గలవారు చాల రాష్ట్రములలో అచ్చటి కళాశాలలో మరల రెండు మూడేండ్లు చదివి, పరీక్షలు నెగ్గవలసియుండును. అనుమతి లేక, సంఖ్య నొక్కదానినే నమ్మి యొకరి పన్ను ముట్టిన నది నేరమగును.

మరియొక సంగతి ఆమెకు వెంటనే వ్రాయుడు. ఈ సంఖ్యల పట్టిక 2007 సెప్టెంబరు నుండి అంతర్జాలమున లోకమున కెల్ల తెరచియున్నది. పుట్టిన తేదీ యందు కనబడదు గాని, పేరు, పని చేయు చోటు, ఉత్తరములు చేరు చిరునామా, టెలిఫోను సంఖ్య యెవరైన చూడవచ్చును. చిన్నపిల్లలతో నొంటరిగ నుండు స్త్రీ తన యింటి చిరునామాను, సొంత టెలిఫోను సంఖ్యను తెలియక యందు వ్రాసిన, అపరిచితులకు వాకిలి చూపినట్లే. చదువుచున్నచో కళాశాల చిరునామాను, పని దొరకిన పిదప వైద్యశాల చిరునామాను వ్రాయవలెను. ఇదివరకే యింటిది వ్రాసియున్నచో అదే పట్టికలో ప్రవేశించి తానే దిద్దుకొనవచ్చును. దానికిని రుసుము లేదు.