రాని ప్రతివాది ఒప్పుకొన్నట్లేనా?

మౌనం అర్ధాంగీకారమన్న నానుడి పెళ్ళిమాటలకు చెల్లుతుందేమో గాని, సివిల్ దావాకు చెల్లరాదని నా అభిప్రాయం. ముఖ్యంగా ప్రతివాదులు పలువురున్న దావాకు.

మా డోర్నకల్ జంక్షన్ నుండి పట్టాలు కాజీపేటకు, విజయవాడకు, కొత్తగూడేనికి చీలిపోతాయి. కుటుంబాలూ అంతే. ఉదాహరణకు ఇటువంటి దావా ఒకటి ఊహించండి. తండ్రి స్వార్జితమైన పొలాన్ని తనకే వీలునామా వ్రాశాడంటూ పెద్దన్న తమ్ముణ్ణీ, చెల్లెలినీ ప్రతివాదులుగా చేర్చి కోర్టుకెక్కాడు. తమ్ముడు ఆ వీలునామా నకిలీదని వాదిస్తున్నాడు. కొత్తగూడెంలోని చెల్లెలు "చిన్నన్నయ్య వెళ్తున్నాడు కదా" అని ఊరకున్నది. బంట్రోతు పిలిచాడు, ఆమె పలుకలేదు. ఎక్స్‌పార్టీ.

ఇప్పుడు న్యాయమేమిటి? ఒకే వీలునామా తమ్ముడి విషయంలో నకిలీదై, చెల్లెలి విషయంలో అసలుది కాజాలదు. అమెరికా సుప్రీంకోర్టు 1872లోనే, ఫ్రో వర్సెస్ డి లా వేగా అన్న భూమి తగాదాలో, ఈ చిక్కును విప్పింది. అందరిమీదా కలిపి మోపిన ఆరోపణను హాజరైనవారు గెలిచి కొట్టివేయించుకొంటే, రానివాని మీద మాత్రం డిక్రీ నిలవడం అసంగతమన్నది.

మన 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడు ఇంత ముక్కుసూటిగా చెప్పలేదు. తొమ్మిదవ ఆర్డరు 11వ రూలు, కొందరు వచ్చి కొందరు రాకపోతే దావా సాగించి, తీర్పునాడు రానివారి విషయమై తగిన ఉత్తర్వు చేయమని న్యాయమూర్తికే వదిలింది. ఆ "తగిన" అన్న మాటలోనే ఆ చెల్లెలి వాటా ఉన్నది. జవాబు దాఖలు కాలేదన్న ఒక్క కారణంతో గుడ్డిగా తీర్పు ఇవ్వరాదని 1999లో బల్‌రాజ్ తనేజా కేసులో మన సుప్రీంకోర్టు హెచ్చరించింది కూడా.

వాది కష్టమూ తక్కువది కాదు. 13వ రూలు ప్రకారం, ఒక్కరి మేరకే రద్దు చేయ వీలులేని డిక్రీని తక్కినవారి మీద కూడా రద్దు చేయవచ్చు. ఇదే అదనుగా ప్రతివాదులు ఒకరి తరువాత ఒకరు తలుపు తడితే దావా ఏనాటికీ తెమలదు. అందుకే, విచారణ తేదీ తెలిసి, రావడానికి తగిన వ్యవధి ఉన్నవారికి సమన్ల జారీలోని లోపం ఒక్కటే సాకు కారాదని 1976 సవరణ కట్టడి చేసింది. అది సబబే.

కాని ఆలస్యానికి శిక్ష వేరు, అబద్ధాన్ని నిజం చేయడం వేరు. రానివారికి ఖర్చులు విధించండి; రుజువు కాని దస్తావేజుకు మాత్రం వారి గైర్హాజరీని సాక్ష్యంగా నిలపకండి.

ఇక అక్కచెల్లెళ్ళకు ఒక మనవి. అన్నదమ్ముల వకాలతు మీ వకాలతు కాదు. ఎక్స్‌పార్టీ డిక్రీని రద్దు కోరడానికి గడువు 30 రోజులే. సమన్లు సరిగా అందకపోతేనే ఆ లెక్క మీకు తెలిసిన నాటి నుండి మొదలవుతుంది. రైలెక్కి వాయిదాకు వెళ్ళి, మీ మాట మీరే చెప్పండి.